గుర్రాల బొమ్మలే జీవితంగా ఎంచుకున్న చిత్రకారులు ఎలా సాధన చేశారు? విశాఖలో ఉండి ఆ పని సాధ్యమేనా?

ప్రశ్న
రాసినవారు: తీరరేఖ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలోనే చిత్రలేఖనంలో పట్టా పుచ్చుకుని, ప్రస్తుతం మద్దిలపాలెంలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతున్నాను. మిగిలిన సమయమంతా గుర్రాల బొమ్మలకే వెచ్చిస్తున్నాను. మరొకటి వేయలేక కాదు. ఏ బొమ్మ మొదలుపెట్టినా మనసు చివరికి గుర్రం దగ్గరికే వెళ్తోంది. మెడ వంపు, నడిచేటప్పుడు భుజం దగ్గర కండరం పైకి లేచి మళ్ళీ చర్మంలో కలిసిపోయే తీరు, ఏ చిన్న చప్పుడైనా ముందుగా చెవులే దానివైపు తిరగడం నన్ను విడిచిపెట్టడం లేదు. అందువల్ల గుర్రాల చిత్రకారిణిగానే బతకాలని నిశ్చయించుకున్నాను. ఆ నిర్ణయంలో నాకు సందేహం లేదు. దారి గురించే కొన్ని సందేహాలున్నాయి.

ఇంతవరకు నేను ఎక్కువగా అంతర్జాలంలో దొరికే ఫొటోలను చూసి వేశాను. కొలతలు సరిగ్గానే కుదురుతున్నాయి, రంగులూ ఫరవాలేదనిపిస్తున్నాయి, అయినా బొమ్మలో ప్రాణం ఉండటం లేదు. దౌడు తీసే గుర్రాన్ని వేసినప్పుడైతే కాళ్ళు ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టు కనిపిస్తున్నాయి. కెమెరా లేని కాలంలో పెద్ద చిత్రకారులు ఈ పనిని ఎలా సాధించారో, వారి జీవితం ఎలా గడిచేదో తెలిసినవారు వివరించమని కోరుతున్నాను.

హైదరాబాదులో మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. మన ఊళ్ళో అటువంటిదేమీ లేదు. ఆర్.కె. బీచ్‌లో పర్యాటకులను ఎక్కించుకుని తిరిగే గుర్రాలు, పెళ్ళి ఊరేగింపులకు కుచ్చులు కట్టి తీసుకువచ్చే గుర్రాలు మాత్రమే నాకు అందుబాటులో ఉన్నాయి. వాటిలో కొన్ని బక్కచిక్కి, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉంటాయి. వాటిని చూసి వేసిన కొన్ని బొమ్మలను ఒక ప్రదర్శనశాల నిర్వాహకులకు చూపిస్తే, "బీచ్ గుర్రాలను ఎవరు కొంటారమ్మా, ఏడు తెల్ల గుర్రాలు పరుగెత్తుతున్నట్టు వేసి తీసుకురండి" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. నిజంగానే ఈ గుర్రాలు సాధనకు పనికిరావా? ఈ పనితో ఇల్లు గడుస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ప్రత్యుత్తరం 1
రాసినవారు: బొగ్గుముక్క

అమ్మా, నేను పాఠశాలలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, ఇప్పుడు పెదవాల్తేరులో విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ముందుగా బీచ్ గుర్రాల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలిన జవాబులన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. అవి మీ సాధనకు నిక్షేపంగా పనికివస్తాయి. గుర్రాల బొమ్మలతో చరిత్రలో నిలిచిన వారెవరిని తీసుకున్నా, వారికి గొప్ప గుర్రాలు దొరకడం తరువాతి మాట; దొరికిన గుర్రం పక్కన వారు గడిపిన కాలమే వారిని నిలబెట్టింది.

జార్జ్ స్టబ్స్ సంగతి చూడండి. 1724లో లివర్‌పూల్‌లో, తోళ్ళు బాగుచేసే కుటుంబంలో పుట్టాడు. 1756 ప్రాంతంలో లింకన్‌షైర్‌లోని హార్క్‌స్టో అనే మారుమూల పల్లెలో ఒక ఇల్లు తీసుకుని, మేరీ స్పెన్సర్ అనే ఆమె సాయంతో, సుమారు ఏడాదిన్నర పాటు చనిపోయిన గుర్రాలను కోసి పరిశీలించాడు. కళేబరాన్ని ఇనుప కొక్కేలకు తగిలించి, బతికి ఉన్నప్పుడు ఎలా నిలబడేదో అలాగే నిలబెట్టి, రక్తనాళాలు కుంగిపోకుండా వాటిలోకి కరిగించిన కొవ్వు ఎక్కించి, మొదట చర్మం, తరువాత ఒక్కొక్క పొరగా కండరాలు, చివరికి ఎముకలు బయటపడేవరకు విప్పుకుంటూ వెళ్ళి, ప్రతి పొరనూ కొలిచి గీశాడు. ఆ దుర్వాసనలో, ఆ ఒంటరితనంలో వారాల తరబడి ఒకే కళేబరం ముందు కూర్చోవడానికి ఎంత పట్టుదల కావాలో ఆలోచించండి. ఆ బొమ్మలను రాగిరేకుల మీద చెక్కడానికి లండన్ పనివాళ్ళు ముందుకు రాకపోతే తానే చెక్కుకున్నాడు. అది పుస్తకంగా 1766లో వెలువడింది.

ఈ శ్రమ ఫలితం ఎలా ఉంటుందో తెలియాలంటే, 1762 ప్రాంతంలో రాకింగ్‌హామ్ ప్రభువు కోసం ఆయన వేసిన విజిల్‌జాకెట్ అనే మగగుర్రం బొమ్మను చూడాలి. ప్రస్తుతం అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు దాదాపు 3 మీటర్లు, అంటే గుర్రం ఇంచుమించు నిలువెత్తున కనిపిస్తుంది. వెనుక చెట్టు లేదు, ఆకాశం లేదు, రౌతు లేడు. లేత పసుపు ఛాయగల ఖాళీ స్థలం, వెనుక గిట్టల దగ్గర కొద్దిపాటి నీడ, అంతే. ముందుకాళ్ళు పైకెత్తి, తల ఇటు తిప్పి చూసే ఆ కంటిలోని బెదురు, పొట్ట కింద ఉబ్బిన నరం, తొడ మీద చర్మం బిగిసిన తీరు మాత్రమే అక్కడ ఉన్నాయి. చర్మం కింద ఏముందో తెలిసినవాడు తప్ప అంత ఖాళీలో గుర్రాన్ని అలా నిలబెట్టలేడు.

అయితే మిమ్మల్ని కళేబరాలు కోయమని నేను చెప్పడం లేదు. మీకు మరింత దగ్గరైన ఉదాహరణ ఫ్రాన్సుకు చెందిన రోజా బోనర్. ఆమె 1822లో పుట్టింది. పారిస్‌లో గుర్రాల సంత జరిగే చోటికి ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు వెళ్ళి, దళారులూ పాలేళ్ళూ నిండిన ఆ గుంపు మధ్య నిలబడి చిత్తుబొమ్మలు వేసుకుంది. ఆడవాళ్ళ దుస్తులతో వెళితే అందరి దృష్టీ తనమీదే పడుతుందని మగవాళ్ళ దుస్తులు వేసుకునేది. అప్పటి నిబంధనల ప్రకారం అందుకు పోలీసుల అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఆ చిత్తుబొమ్మల నుంచి వచ్చినదే 1853లో ప్రదర్శించిన గుర్రాల సంత చిత్రం. వెడల్పు 5 మీటర్లకు పైగా ఉంటుంది, ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో ఉన్నవి రాజుల అశ్వశాలలోని గుర్రాలు కావు. బండి లాగడానికి అమ్మకానికి వచ్చిన బరువైన గుర్రాలు, పగ్గాన్ని గుంజుకుంటూ, ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ, దుమ్ములో తిరుగుతున్నాయి. ఆమెకు ఆ సంత ఎలాంటిదో మీకు ఆర్.కె. బీచ్ అలాంటిది.

ఇక దౌడు కాళ్ళ విషయం. మామూలు కంటితో ఆ కదలికను విడదీసి పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు, ఇందులో మీరు చిన్నబుచ్చుకోవలసినది లేదు. జెరికో అనే ఫ్రెంచి చిత్రకారుడు గుర్రాల మధ్యే బతికినవాడు. ఆయన 1821లో వేసిన ఎప్సమ్ పందెం చిత్రంలో గుర్రాలు ముందుకాళ్ళు ముందుకీ, వెనుకకాళ్ళు వెనక్కీ పూర్తిగా చాచి గాలిలో తేలుతుంటాయి. ఏ గుర్రమూ అలా పరుగెత్తదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన పరుగుబాట పక్కన కెమెరాలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసినప్పుడు సంగతి తేలింది: నాలుగు గిట్టలూ నేలను విడిచే క్షణం ఉన్నమాట నిజమే, కాని ఆ క్షణంలో కాళ్ళు చాచుకుని ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. కాబట్టి ఇటువంటి సందేహం తీర్చుకోవడానికి ఫొటో చూడండి, తప్పులేదు. ఫొటో చూసి మొత్తం గుర్రాన్ని దించుకోవడం మాత్రం మానండి. పైగా ఫోన్ కెమెరాతో దగ్గరగా నిలబడి తీస్తే మూతి పెద్దదై పిరుదులు చిన్నబోతాయి. కొలత తప్పుతున్నదని మీకు తెలియకుండానే తప్పుతుంది. తీయవలసి వస్తే దూరంగా వెళ్ళి జూమ్ చేసి తీయండి.

మన తీరంలో వెలుతురు గురించి ఒక్కమాట. సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు కాబట్టి, ఉదయం రోడ్డు వైపు నుంచి చూస్తే గుర్రం నల్లని ఆకారంగా మాత్రమే కనిపిస్తుంది. అంచుల వెంట జూలు వెలుగుతుంది. అదే నీటి అంచుకు వెళ్ళి ఊరి వైపు తిరిగి కూర్చుంటే కండరాలన్నీ విడివిడిగా తెలుస్తాయి. తడి ఇసుక మీద నిలబడిన గుర్రానికి పొట్ట అడుగున నీడ ఉండవలసిన చోట ఇసుక నుంచి ఎగసిన వెలుతురు పరుచుకుని ఉంటుంది. బయటిదేశాల బొమ్మలలో పచ్చికబయలు మీది గుర్రం పొట్టకు ఈ వెలుతురు ఉండదు. ఇది మన ఊరు మీకిచ్చిన సంపద.

ప్రత్యుత్తరం 2
రాసినవారు: భీమిలి పశువైద్యుడు

నేను చిత్రకారుడిని కాను. అయినా గుర్రం శరీరం గురించి బొగ్గుముక్క గారు చెప్పినదానికి కొంత చేర్చగలను.

గుర్రం బొమ్మలలో నాకు తరచుగా కనిపించే పొరపాటు కాళ్ళ కీళ్ళ దగ్గరే ఉంటుంది. ముందుకాలి మధ్యలో మనం మోకాలు అనుకునే కీలు నిజానికి మన మణికట్టుకు సమానమైనది. వెనుకకాలి మధ్యలో వెనక్కి పొడుచుకువచ్చినట్టు ఉండేది మన మడమకు సమానం. అసలైన మోకాలు పొట్టను ఆనుకుని చాలా పైన ఉంటుంది. గిట్ట అంటే ఒకే ఒక్క వేలి కొస. అంత బరువూ నాలుగు వేళ్ళ కొసలమీద నిలబడి ఉంటుంది. ముందుకాలి మణికట్టుకూ, వెనుకకాలి మడమకూ దిగువన చెప్పుకోదగ్గ కండ ఏమీ ఉండదు, ఎముకా స్నాయువులూ మాత్రమే ఉంటాయి. అక్కడ గుండ్రంగా నీడ దిద్దితే కాలు మెత్తబడి, బొమ్మ బరువు మోయలేనట్టు కనిపిస్తుంది. మరొక సంగతి: గుర్రానికి కాలర్ ఎముక లేదు. ముందుకాళ్ళు మొండేనికి కండరాలతోనే కట్టి ఉంటాయి. అందుకే నడిచేటప్పుడు భుజం పలక పక్కటెముకల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. మీరు ప్రశ్నలో రాసిన, కండరం లేచి కలిసిపోయే తీరుకు కారణం అదే.

బక్కచిక్కిన గుర్రాల గురించి బాధపడ్డారు. ఆ బాధ నాకూ ఉంది, వాటిని చూసే పని నాది కాబట్టి మరికొంచెం ఎక్కువగానే ఉంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. గుర్రం మనిషిలాగే చెమట పట్టించుకుని ఒళ్ళు చల్లబరచుకునే జంతువు, ఆ చెమట ఆరకపోతే త్వరగా అలసిపోతుంది. మధ్యాహ్నపు ఎండలో గుర్రాన్ని మీ బొమ్మ కోసం నిలబెట్టమని యజమానిని అడగవద్దు. సాయంత్రం బేరాలు మొదలుకాకముందు, నీడలో కట్టేసి ఉన్నప్పుడు వెళ్ళండి. అప్పుడు అది ఒక వెనుకకాలిని మడిచి గిట్ట కొసను మాత్రమే నేలకు ఆనించి, కింది పెదవి వదులుగా వేలాడేసి, చెవులు పక్కలకు వాల్చి కునుకు తీస్తుంది. ఒక పిరుదు కిందికి దిగి, రెండవది పైకి లేచి ఉంటుంది. ఈగ వాలినచోట మాత్రం చర్మం ఒక్కసారి వణికి ఆగిపోతుంది. గుర్రాన్ని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం లేదు, ఎందుకంటే అది కదలదు, మీ ఉనికిని పట్టించుకోదు.

జాగ్రత్త కూడా చెప్పాలి. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనుక, నుదుటికి ఎదురుగా మరీ దగ్గరగా మాత్రం కనిపించదు. ఎప్పుడూ భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ దగ్గరికి వెళ్ళండి. చెవులు రెండూ వెనక్కి అణిగి మెడకు అంటుకుంటే వెంటనే దూరం జరగండి. అంతసేపు దాని దగ్గర కూర్చుంటున్నారు కాబట్టి, యజమాని చేతిలో ఉలవల ఖర్చుకైనా కొంత పెట్టడం న్యాయం. ఆ గుర్రం మీద వచ్చే కూలితోనే ఆ ఇల్లూ గడుస్తుంది.

తెల్ల గుర్రాల ప్రస్తావన వచ్చింది గనుక ఇది కూడా రాస్తున్నాను. మనం తెల్లవి అనుకునే గుర్రాలలో చాలావరకు పుట్టుకతో తెల్లవి కావు. నల్లగానో గోధుమరంగులోనో పుట్టి, ఏళ్ళు గడిచేకొద్దీ వెంట్రుక నెరుస్తుంది. చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. అందుకే వాటి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ, తడిసినప్పుడు ఒళ్ళంతా బూడిదనీలపు ఛాయ కనిపిస్తుంది. సున్నపు తెలుపు వేసిన గుర్రం ఎందుకు బొమ్మలా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రత్యుత్తరం 3
రాసినవారు: శిలారేఖ

పై ఇద్దరూ చెప్పినదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే చర్చ మొత్తం యూరపు చిత్రకారుల చుట్టూ, ఎముకలూ కండరాల చుట్టూ తిరగడం నాకు వెలితిగా అనిపిస్తోంది. మన ప్రాంతంలో గుర్రాన్ని చూసే మరొక చూపు చాలా కాలంగా ఉంది. అమరకోశం గుర్రం నడకలను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదుగా విడదీసి చెబుతుంది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాల మీదే ఒక పద్యగ్రంథం రాశాడు. గుర్రాన్ని కొనేవాడికీ, ఎక్కేవాడికీ, చెక్కేవాడికీ ఆ పరిజ్ఞానం ఒకటిగానే ఉండేది.

తీరరేఖ గారు ఒకసారి సింహాచలం వెళ్ళి, ఆలయ ప్రాకారంలోని రాతి రథానికి కట్టిన గుర్రాలను తీరికగా చూడాలని కోరుతున్నాను. అక్కడి శిల్పి కండరాన్ని లెక్కపెట్టలేదు. మెడను విల్లులా వంచి, ఛాతీని ముందుకు పొంగించి, బరువు లాగే ఉద్దేశాన్ని రాయిలోకి తెచ్చాడు. అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి ఉన్న ఏడు గుర్రాలనూ, వీలైతే కోణార్క ఆలయానికి దక్షిణాన నిలబెట్టిన యుద్ధాశ్వాలనూ చూడండి. ఆ యుద్ధాశ్వం శత్రువును తొక్కుతూ అడుగు వేస్తుంటే, దాని కాలు శరీరశాస్త్రం ప్రకారం కొంత పొట్టిగా, మరీ లావుగా అనిపించవచ్చు. అంత బరువు లేకపోతే ఆ తొక్కిడి మనకు తగలదు.

ఎం.ఎఫ్. హుస్సేన్ గారి గుర్రాలూ అంతే. 1915లో పుట్టి, బొంబాయిలో సినిమా హోర్డింగులు వేస్తూ పైకి వచ్చిన ఆ చిత్రకారునికి గుర్రం మొదట మొహర్రం ఊరేగింపులో పరిచయమైంది. ఆయన గీతలో మెడ విరుచుకుని, నోరు తెరిచి, పళ్ళు కనిపించేలా ఉండే గుర్రానికి పక్కటెముకలు ఎన్నో అడగాలనిపించదు. చైనా చిత్రకారుడు షూ బేహోంగ్ పారిస్ వెళ్ళి శరీరనిర్మాణం నేర్చుకుని, తిరిగి తన దేశపు సిరా కుంచెనే పట్టాడు. రవీంద్రుని ఆహ్వానం మీద 1939లో శాంతినికేతన్ వచ్చి, ఆ మరుసటి ఏడు డార్జిలింగులో కూడా బొమ్మలు వేశాడు. ఆ కాగితం మీద సిరా ఒకసారి పడితే దిద్దడానికి ఉండదు. జూలు ఒక్క విదిలింపు, తోక మరొక విదిలింపు. గుర్రాన్ని పూర్తిగా తెలుసుకుని, తరువాత చాలా భాగాన్ని వదిలేయగలిగినవాడి పని అది. మీరు చేయవలసిన సాధనలో ఈ వదిలేయడం కూడా ఉండాలని నా అభిప్రాయం.

బొగ్గుముక్క గారి జవాబు
శిలారేఖ గారి మాట నాకు సమ్మతమే. ఆ వదిలేయడం మాత్రం మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టవద్దని నా మనవి. కోల్‌కతాకు చెందిన సునీల్ దాస్ గారు విద్యార్థిగా ఉన్నప్పుడు మౌంటెడ్ పోలీసుల గుర్రపుశాలకు పదేపదే వెళ్ళి బొగ్గుతో బొమ్మలు వేసేవారు. తరువాతి కాలంలో ఆయన గుర్రాలలో కనిపించే ఆ ధీమా గీతకు పునాది అక్కడే పడింది.

ప్రత్యుత్తరం 4
రాసినవారు: ఎంవీపీ ఈజిల్

ఇల్లు గడుస్తుందా అనే ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను ఎక్కువగా వ్యక్తుల చిత్రాలు, అప్పుడప్పుడు అడిగినవారికి గుర్రాలూ కుక్కలూ వేసి జీవిస్తున్నాను.

గుర్రాల చిత్రకారులకు ఆదాయం ప్రధానంగా గుర్రపు యజమానుల నుంచే వచ్చింది. స్టబ్స్‌కు ప్రభువులు, ఇంగ్లండులోనే తరువాతి కాలంవాడైన ఆల్ఫ్రెడ్ మనింగ్స్‌కు పందెపు గుర్రాల యజమానులు పని ఇచ్చారు. మనింగ్స్ పిండిమర యజమాని కొడుకు. పద్నాలుగేళ్ళకే అచ్చుబొమ్మల దుకాణంలో పనికి కుదిరాడు, ఇరవై ఏళ్ళకు ముల్లు గుచ్చుకుని కుడికన్ను పోగొట్టుకున్నాడు. ఒంటికన్నుతో దూరాన్ని అంచనా వేయడం ఎంత కష్టమో చిత్రకారులకు వేరే చెప్పనవసరం లేదు. అయినా 1918లో ఫ్రాన్సు యుద్ధభూమిలో కెనడా అశ్వికదళంతో కలిసి తిరిగి బొమ్మలు వేశాడు, 1944లో రాయల్ అకాడమీ అధ్యక్షుడయ్యాడు. డబ్బు కోసం యజమానుల గుర్రాలు వేస్తూనే, న్యూమార్కెట్ పందెం మైదానంలో గుర్రాలు బారులు తీరేముందు కుదురులేక అటూ ఇటూ మెదిలే క్షణాన్ని తన ఇష్టంకొద్దీ మళ్ళీ మళ్ళీ వేశాడు. మీరు కూడా అలాగే రెండు పనులూ పక్కపక్కనే నడపవలసి ఉంటుంది. హైదరాబాదులో వర్షాకాలం, శీతాకాలం పందేలు జరిగే రోజులలో వెళ్ళి, మీ బొమ్మల సంచి యజమానులకూ, శిక్షకులకూ చూపించండి. అక్కడ అడిగేది గుర్రం పక్కనుంచి నిలబడిన బొమ్మ. నుదుటి మచ్చ, కాళ్ళ తెలుపు ఎంతవరకు ఉన్నదో తేడా రాకుండా వేయాలి. యజమాని తన గుర్రాన్ని గుర్తుపట్టకపోతే ఎంత అందంగా వేసినా తీసుకోడు.

పని ఒప్పుకునేటప్పుడు సగం డబ్బు ముందుగా తీసుకోండి, మిగిలినది ఎప్పుడు ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమకోసం వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైటు మొదటి హక్కుదారు వేయించుకున్నవారే అవుతారు. నాకు తెలిసిన ఒక చిత్రకారుడు ఎంతో శ్రమపడి వేసిన పందెపు గుర్రం బొమ్మను ఆ యజమాని క్యాలెండరుగా అచ్చువేయించి పంచారు. చిత్రకారునికి పైసా రాలేదు, పేరూ వేయలేదు. అచ్చుప్రతుల హక్కు మీకే ఉంటుందని ముందే ఒక వాక్యం రాయించుకుంటే ఈ బాధ ఉండదు. రోజా బోనర్ గుర్రాల సంత పేరు ఇంగ్లండు దాకా ఇంటింటికీ చేరింది అచ్చుబొమ్మల వల్లనే. మీకూ మొదటి రోజులలో అసలు చిత్రం కంటే చిన్న అచ్చుప్రతులే ఎక్కువగా అమ్ముడవుతాయి.

ఆ ఏడు తెల్ల గుర్రాల సంగతి నేను తేలికగా తీసిపారేయను. వాస్తు నమ్మకంతో కొత్త ఇంట్లో పెట్టుకోవాలనుకునేవారు అడుగుతారు, వారి నమ్మకాన్ని గౌరవించాలి. అయితే ఏడూ ఒకే గుర్రానికి నకళ్ళుగా కాకుండా, ఏడు వేర్వేరు గుర్రాలుగా, వైద్యుడుగారు చెప్పిన బూడిదనీలపు ఛాయతో, మైబ్రిడ్జ్ చూపించిన కాళ్ళతో వేయండి. అటువంటిది ఈ ఊళ్ళో ఎవరూ వేసి ఇవ్వడం నేను చూడలేదు.

మన తేమకు సంబంధించి కూడా కొంత చెప్పాలి. నూనెరంగు నీరు ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేది. వర్షాకాలంలో మన దగ్గర అది మరీ నెమ్మదిస్తుంది. అదృష్టవశాత్తు గుర్రం రంగులు చాలావరకు మట్టిరంగులే: అంబర్, సియెన్నా, ఓకర్. అంబర్‌లో మాంగనీసు ఉండటం వల్ల త్వరగా ఆరుతుంది, ఎండకు వెలిసిపోదు. ఐవరీ బ్లాక్ అనే నలుపు మాత్రం చాలా ఆలస్యం చేస్తుంది. దాన్ని కింది పొరలో దట్టంగా వేసి పైన త్వరగా ఆరే రంగు వేస్తే తరువాత పగుళ్ళు వస్తాయి. నల్ల గుర్రానికైనా అంబర్, అల్ట్రామెరీన్ నీలం కలిపి నలుపు తెచ్చుకోవడం మేలు. బొగ్గు బొమ్మలకు అద్దం తగలకుండా మధ్యలో అట్ట వేసి ఫ్రేము కట్టించండి, లేకపోతే బూజు పడుతుంది. సముద్రం వైపు గోడకు ఏ బొమ్మనూ తగిలించవద్దు.

తీరరేఖ గారి స్పందన

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక బీచ్‌కు వెళ్ళి, అక్కడ గుర్రాన్ని తిప్పే ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఎదురుగా కూర్చుని వేసుకోవడానికి ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఉలవలకు డబ్బిస్తానంటే మొహమాటపడ్డారు కాని చివరికి తీసుకున్నారు. గుర్రం మూపు మీద జీను ఒరుసుకుని వెంట్రుక ఊడిపోయిన చోట తెల్లని మచ్చ ఉంది. "దాన్ని వేయకమ్మా, బాగుండదు" అని ఆయన అడిగారు. నాకేమో ఆ మచ్చ లేకపోతే అది ఆ గుర్రమే కాదనిపిస్తోంది. ఏం చేయాలి?

బొగ్గుముక్క గారి జవాబు

మీ సాధన పుస్తకంలో మచ్చను ఉన్నది ఉన్నట్టు వేయండి. ఆయనకు ఇవ్వడానికి మరొక బొమ్మ వేసి, అందులో గుర్రాన్ని ఎడమవైపు నుంచి తీసుకోండి. మచ్చ కుడివైపున మాత్రమే ఉంటే అబద్ధం చెప్పవలసిన అవసరమే రాదు. రెండువైపులా ఉంటే, పెళ్ళి ఊరేగింపుకు వెళ్ళేటప్పుడు వేసే అలంకారంతో వేయండి, ఆయనకూ ముచ్చటగా ఉంటుంది.

భీమిలి పశువైద్యుడి జవాబు

వెంట్రుక తెల్లబడి, చర్మం పొడిగా ఉంటే అది పాత మచ్చ, భయం లేదు. తడిగానో, ఎర్రగానో, ముట్టుకుంటే గుర్రం మూపు కుంగదీస్తూనో ఉంటే మాత్రం అది ఇంకా మానని పుండు. అప్పుడు జీను కింద మెత్తని దుప్పటి మడత వేయమని, మానేవరకు సవారీ ఆపమని ఆ పెద్దాయనకు చెప్పండి. ఆయనకు ఇబ్బంది లేకపోతే మచ్చ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.